డేటాషీటు బాబాయ్

కువైట్లో తెలుగువాళ్లు పదిమంది చేరిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒక డేటాషీటు బాబాయ్ ఉంటాడు. కాపురం అబ్బాసియాలో కావచ్చు, ఫర్వానియాలో కావచ్చు. సొంతూరు కోనసీమ కావచ్చు, రాజంపేట కావచ్చు. ఉద్యోగం మాత్రం ఏదో ఆయిల్ కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉంటుంది. ఇండియన్ స్కూళ్లలో సైన్స్ ఎగ్జిబిషన్లు మొదలయ్యాయంటే ఇక ఆయన ఫోను ఊరుకోదు.

"బాబాయ్, మావాడు రోబో చెయ్యి చేస్తాడట. ఏ మోటారు కొనమంటావ్?"

"మోటారు కాదురా, గేర్డ్ సర్వో అను." అక్కడితో ఫోన్ చేసినవాడి శుక్రవారం సెలవు అయిపోయినట్టే.

సర్వో అంటే ఏమిటో ముందు చెబుతాడు. మోటారు, దానికి గేర్లు, ఎక్కడ ఆగిందో కనిపెట్టే సెన్సారు, తప్పితే దిద్దే సర్క్యూట్. మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది, రోబో మోచేతికి అంత జోరెందుకు? 100కి 1 గేరుపెట్టె తగిలిస్తే చుట్లు 30కి దిగుతాయి, బలం దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. గేర్ల రాపిడికి పోయేది పోగా, అని ఒక్క క్షణం ఆగి చేరుస్తాడు. ఆ "పోగా" ఎంతో చెప్పని కంపెనీవాడిని ఆయన గడప తొక్కనివ్వడు.

ఆయన ఇంటికి వెళ్తే టీకన్నా ముందు ప్రయోగం వస్తుంది. డైనింగ్ టేబుల్ అంచుకు ఎంజీ996ఆర్ సర్వో ఒకటి క్లాంపుతో బిగించి ఉంటుంది. 55 గ్రాముల బరువు, లోహపు గేర్లు, బయటికి మూడు వైర్లు. 6 వోల్టుల దగ్గర 11 కేజీ సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అని దాని డేటాషీటు మీద రాసి ఉంటుంది. దానికి 5 సెంటీమీటర్ల అల్యూమినియం పట్టీ తగిలించి, కొసకు లీటరున్నర రౌదతైన్ నీళ్ల సీసా వేలాడదీస్తాడు. లెక్కకు ఏడున్నర, పదకొండులోపే. సీసా లేస్తుంది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టబోతారు. బాబాయ్ చెయ్యెత్తి ఆపుతాడు. కాసేపటికి సర్వో జుమ్మని మూలగడం మొదలుపెడుతుంది, డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, వైరు కాలిన వాసన వంటింటిదాకా పాకుతుంది. అక్కణ్ణుంచి వాళ్లావిడ గొంతు వినబడుతుంది: "ఏవండీ, ఇవాళ ఎన్నోది?"

"చూశారా! పదకొండన్నది స్టాల్ టార్క్. అంటే కదలకుండా మొరాయించే చోట పుట్టే బలం. అంత బరువు మోస్తూ రోజంతా పని చేస్తుందని కాదు. పెళ్లిచూపుల్లో గల్ఫ్ అల్లుడి జీతం ఓవర్‌టైమ్ కలిపి చెప్పినట్టన్నమాట. మనకు కావలసింది బేసిక్. కంటిన్యువస్ టార్క్ ఎంతో అడగాలి." ఎంజీ996ఆర్ పేరుతో నకళ్లు కుప్పలుగా దొరుకుతాయనీ, లేబుల్ చూసి కొనడమంత పొరపాటు లేదనీ అదే ఊపులో చెప్పేస్తాడు. సర్వో వణుకుతోందని కొందరు మోటారును తిడతారు. ఆర్డుయినో బోర్డు నుంచే కరెంటు ఇచ్చారా అని వాళ్లను బాబాయ్ నిలదీస్తాడు. బరువు పడ్డప్పుడు ఆంపియర్లలో లాగే సర్వోకు ఆ బోర్డు ఇచ్చే మిల్లీఆంపియర్లు ఏ మూలకు? ఈ విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్లు ఆయనదే రైటు.

పెద్ద కంపెనీల పేర్లు ఆయన నోట దగ్గరి చుట్టాల్లా దొర్లుతాయి. 1997లో అంగారకుడి మీద దిగిన సోజర్నర్ బండిలో స్విట్జర్లాండ్ మాక్సన్ కంపెనీ మోటార్లు 11 ఉన్నాయి. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపిన బండి ప్రతి చక్రంలోనూ 80కి 1 హార్మోనిక్ డ్రైవ్ ఉంది. పల్చటి ఉక్కు గిన్నె సాగుతూ తిరిగే ఆ గేరును 1950లలో వాల్టన్ మస్సర్ అనే అమెరికన్ కనిపెట్టాడు. పళ్ల మధ్య వదులు దాదాపు ఉండదు కాబట్టి రోబోల కీళ్లకు అది ఇష్టమైన గేరు. ఆ వదులునే బ్యాక్‌లాష్ అంటారు. ఒక్క డిగ్రీ వదులుంటే 30 సెంటీమీటర్ల చెయ్యి కొసన అర సెంటీమీటరు ఊగుతుంది. బాబాయ్ ఇదంతా చెప్పేది ఎనిమిదో క్లాసు కుర్రాడికి. ఆ కుర్రాడి చెయ్యి అట్టపెట్టెతో చేసింది, ఎత్తవలసింది పింగ్‌పాంగ్ బంతి.

బడ్జెట్ పదిహేను దీనార్లని తండ్రి నసుగుతాడు. బాబాయ్ జంకడు, చైనా కంపెనీలకు మెయిళ్లు కొడతాడు. కావలసినవి రెండు పీసులు. రాసేది మాత్రం "ఏటా ఐదు వేలు, ముందుగా శాంపిల్ పంపగలరు" అని. షెన్‌జెన్‌లో పొద్దున్న తొమ్మిదైతే కువైట్లో నాలుగు. కాబట్టి అక్కడ ఆఫీసులు తెరిచిన నిమిషంలో ఇక్కడ బాబాయ్ తలగడ కింద ఫోను మోగుతుంది. "ప్రియ మిత్రమా, నిన్నటి ఆర్డరు గురించి ఏమాలోచించారు?" ఆ ప్రియ మిత్రులు ఎవరో ఆవిడకు వివరించేసరికి ఒక రంజాన్ నెల గడిచింది.

కువైట్ ఎండ సంగతి ఎత్తితే మాత్రం ఆయన మాట వినాల్సిందే. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ ఆ లెక్కను పరీక్షించి మరీ ఒప్పుకుంది. కేటలాగులో మోటారు బలం సాధారణంగా 40 డిగ్రీల గాలికి లెక్కగట్టి ఉంటుంది. ఇక్కడి వేసవిలో ఆరుబయట అంత బలం ఆశించకూడదు, అందులో కొంత తగ్గించుకుని చూడాలి. దుమ్ము తుఫాను లేచిందంటే సీలు లేని గేరుపెట్టెలో గ్రీజు సానబట్టే పొడిగా మారుతుంది. "ఏ ఉష్ణోగ్రతకు కట్టిన లెక్క ఇది?" అని అడిగితే సగంమంది సేల్స్‌వాళ్లు మాట మారుస్తారు. మిగిలిన సగంలో వెతుక్కోవాలి మంచి కంపెనీని.

ఇంతటి బాబాయ్‌కి నోట మాట రాని చోటు ఒకటుంది: కబ్ద్‌లో ఒంటెల పందేల మైదానం. పిల్లల్ని జాకీలుగా కూర్చోబెట్టే పద్ధతిని గల్ఫ్ దేశాలు నిషేధించాక ఒంటెల మీదికి రోబోలు ఎక్కాయి. ఖతార్ కోసం స్విస్ కంపెనీ కే-టీమ్ చేసిన తొలి రోబోలు మనిషి ఆకారంలో, బాగా బరువుగా ఉండేవి. తర్వాత వచ్చినవి రెండు మూడు కిలోలే. వాటిలో చాలావాటికి గుండెకాయ బ్యాటరీ డ్రిల్లు మోటారు. అది కొరడాను గిరగిరా తిప్పుతుంది, వాకీటాకీలోంచి యజమాని కేకలు ఒంటె చెవిన పడతాయి, ఆ యజమాని పక్కనే కారులో పరిగెడుతూ రిమోట్ నొక్కుతుంటాడు.

బాబాయ్ అక్కడొక మెకానిక్‌ను పట్టుకుని వచ్చీరాని అరబ్బీలో బ్యాక్‌లాష్ ఎంతని అడిగాడు. అతను కొరడా చేత్తో కదిపి చూపించాడు. పావు చుట్టు వదులు. "మాఫీ ముష్కిల్", ఏం ఫర్వాలేదు అన్నాడు. కొరడాకు ఆర్క్ మినిట్ల సూక్ష్మ లెక్కలతో పనేముంది? పాడైతే ఏం చేస్తావని అడిగితే, షువైఖ్‌లో డ్రిల్లు దొరకని కొట్టేదన్నట్టు చూశాడు. తిరుగు దారిలో బాబాయ్ మాట్లాడలేదని కారు నడిపిన బామ్మర్ది ఊరంతా చెప్పాడు.

ఎగ్జిబిషన్ రోజు వచ్చింది. షెన్‌జెన్ శాంపిల్ ఇంకా దారిలోనే ఉంది. కుర్రాడు ఓపిక పట్టలేక హవల్లీ కొట్లో 9 గ్రాముల ఎస్‌జీ90 సర్వోలు కొనుక్కున్నాడు. ప్లాస్టిక్ గేర్లని బాబాయ్ మొహం చిట్లించాడు. పొద్దున్నే ఒకదాని పళ్లు ఊడాయి కూడా. కుర్రాడు జేబులోంచి ఇంకోటి తీసి రెండు మరలు బిగించాడు. బంతి లేచింది. ప్రైజు రాలేదు, చెయ్యి మాత్రం సాయంత్రం దాకా ఆడింది.

ఆ తర్వాత బాబాయ్ ప్రశ్నల జాబితాలో ఒకటి పెరిగింది. నిలకడగా మోసే టార్క్ ఎంత, ఏ ఉష్ణోగ్రతకు, ఎంత బరువు మీద ఎంత వదులు, ఎన్ని గంటల ఆయుష్షు అనేవి పాతవే. విడి గేర్లు అమ్ముతారా, ఎన్నాళ్లలో పంపుతారు అన్నది కొత్తది. రోబో ప్రాజెక్టు తలపెట్టినవాళ్లు ఆయన దగ్గరికి తప్పక వెళ్లండి, ఆ ఐదు ప్రశ్నలూ రాసుకోండి, టీ తాగండి. ఆర్డరు పెట్టే పని మాత్రం ఆయనకు అప్పగించకండి.