కొలిచిన చోటే గల్లంతు

ఫోన్‌లో మ్యాపు చూడనిదే బెంగళూరువాడు పక్క వీధికి కూడా వెళ్లడు. సైటు కొంటే చదరపు అడుగు కూడా వదలడు. ఈ కొలతల పిచ్చికి ఊళ్లో పాత చరిత్రే ఉంది.

శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను నేలకొరిగిన మరుసటేడు, 1800లో, బ్రిటిషు సైన్యాధికారి విలియం లాంబ్టన్ మైసూరు సర్వే కోసం బెంగళూరు దగ్గర లెక్కలన్నిటికీ పునాది అయ్యే ఆధార రేఖ కొలిచాడు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మరొకటి. అక్కణ్నుంచి దేశాన్ని కొలిచే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే హిమాలయాల దాకా పాకింది. 1865లో అక్కడి ఎత్తైన శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టించింది.

కోణాలు కొలిచే లాంబ్టన్ థియొడలైటు బరువు దాదాపు అర టన్ను. దాన్ని తెస్తున్న ఓడను ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్‌కు తోలుకెళ్లారు. అయినా పరికరాన్ని మర్యాదగా మద్రాసుకు పంపేశారు. యుద్ధంలో ఉన్న శత్రువులు మరి!

1868లో బెంగళూరు రేఖను మళ్లీ కొలిచారు. ఆ సర్వే గుర్తుగా హెణ్ణూరు–బాగలూరు రోడ్డు దాపున, కన్నూరులో ఒక చిన్న కట్టడం మిగిలింది. నూట యాభై ఏళ్ల ఎండావానలను అది తట్టుకుంది. నగరం పక్కకొచ్చి నిలబడ్డాక నేలమట్టమైంది.

రేపెవరైనా అక్కడ స్మారక ఫలకం పెడదామంటే ముందు స్థలం హద్దులు తేలాలి. అందుకు సర్వేయరుగారికి అర్జీ పెట్టుకుని, వరుసలో నిలబడాలి.