‘ట్రైనర్ అయిపోయింది, ఇంక పైకే’: టీకా తాత్పర్య సహితం

రేడియో విమానం ఎగరేసేవాడు ట్రైనర్‌ను దాటి తర్వాతి విమానానికి పోయే ఘట్టంలో ఉచ్చరించే ఆర్షవాక్యం ఇది. నాలుగు బ్యాటరీలు ఖర్చయితే చాలు, ఎవడైనా మైదానంలో గొంతెత్తి పలుకుతాడు. ‘ట్రైనర్’, ‘ఇంక’ అనేవి సుగమం.

‘పైకే’: ఇక్కడ విచారం అవసరం. ట్రైనర్‌కు రెక్క ఒంటిమీద ఉంటుంది, కొసలు రెండూ పైకి లేచి ఉంటాయి. పక్కకు ఒరిగినా స్టిక్ వదిలితే చాలావరకు తనే సర్దుకుంటుంది. తర్వాతి స్పోర్ట్ విమానానికి రెక్క పొట్టకింద, కొసలు దాదాపు సమం. ఎలా ఒరగబెడితే అలాగే ఉంటుంది. కాబట్టి పైకి పోవడమంటే రెక్క కిందికి దిగడం. విరోధాభాసం. పరిహారం: పైకి పోయేది ఖర్చు.

‘పైకి పోయాడు’ అంటే గతించాడనీ లోకవ్యవహారం. ప్రయోగస్థలం కొత్తగూడెం దారిలో అడవి అంచున ఉన్న జూలూరుపాడు అనుకుంటే శ్లేష ఇంకా చిక్కనవుతుంది. అయితే ఊరిపేళ్ళ చివరి ‘పాడు’ గ్రామవాచకం, శిథిలమని కాదు. శిథిలార్థమే నిత్యమైతే గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో గూడబాతులు ఏటా అంత సలక్షణంగా దిగవు. రెండు మీటర్లు దాటిన రెక్కలతో చెట్టుకొమ్మమీద వాలేటప్పుడు ఏ గూడబాతూ చివరి మలుపులో వేగం చంపుకుని నిలువునా ఒరగదు.

ఒరిగేది మనిషి చేతిలోని విమానం. 60 డిగ్రీలు ఒరగబెట్టి ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్క మోయాల్సిన బరువు రెట్టింపు, స్టాల్ వేగం, అంటే అంతకు తగ్గితే రెక్క మోయలేక జారే వేగం, సుమారు 41 శాతం ఎక్కువ. దిగే తొందరలో స్టిక్ లాగితే ఒక రెక్క కుంగి విమానం చేలో పడుతుంది. వెతకడానికి నలుగురు దిగితే మిరపచెట్లు విరుగుతాయి, పత్తికాయలు రాలతాయి. ఎండాకాలం టేకాకుల్లో నలిగిన లిపో బ్యాటరీ అంటుకుంటే అడవికే చేటు. మూలవాక్యంలో ఆ చేనుగలాయన ప్రస్తావన ఎక్కడా లేదు. ‘గాలి తిరిగింది’ అనే వార్తికం మాత్రం వినిపిస్తుంది.

‘అయిపోయింది’: ఏది? రెండు వైపుల నుంచీ చుట్టు వేసి దించడం, ముక్కు తనవైపు తిరిగి కుడి ఎడమలు తారుమారైనప్పుడు తడబడకపోవడం, మోటారు ఆపి దించడం, మంచి ఎత్తులో కావాలని స్టాల్ చేసి తేరుకోవడం, ఇవన్నీ ట్రైనర్‌మీదే వస్తాయి. వచ్చినవాడికి ట్రైనరంత సైజులో తేలికపాటి స్పోర్ట్ విమానం, మొదటి రెండు మూడు సార్లు గురువు చేతిలో రెండో ట్రాన్స్‌మిటర్ ఉంటే సరిపోతుంది. కొనేది మాత్రం స్పిట్‌ఫైర్. బరువెక్కువ, చక్రాలు దగ్గర దగ్గర, నేలమీదే బోర్లపడగలదు.

పాఠాంతరం: ‘ట్రైనర్ అయిపోయింది, ఇంకోటి కొనాలి.’ ఇందులో ‘అయిపోయింది’కి విరిగిపోయిందని అర్థం. ఎక్కువ ప్రతుల్లో ఉన్నది ఇదే.