నోరు కట్టుకో బావా, ఇంకో బూరె వేయించుకో

నందిగామ హైవే పక్కన ఫంక్షన్ హాల్లో పెళ్లి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చేతిని పక్కకు నెట్టి మా బావ బూరె వేయించాడు. "ఒక్కటే బావా, నా మీదొట్టు!" ఒట్టుకు రెండు బూరెలు, వాటి చిల్లుల నిండా నెయ్యి. నాలుగు రోజులకు జగ్గయ్యపేటలో కనబడి, నా పొట్ట వంక చూసి అదే నోటితో అన్నాడు: "కాస్త నోరు కట్టుకో బావా. మనసుంటే ఎంతసేపు?"

ఆయన లెక్కలో ఆకలంటే పాలేరు, ఆగమంటే చేతులు కట్టుకుని ఆగాలి. నాకు తెలిసి అది ఊరి పక్కన పారే పాలేరు. ఎగువన వాన పడితే దిగువన మనం వద్దన్నా వస్తుంది.

పొట్ట సాగిందని వేగస్ నాడి మెదడుకు కబురు పెడుతుంది. పేగులు హార్మోన్లతో మరో కబురు పంపుతాయి. అవన్నీ చేరి 'చాలు' అనిపించేలోపు బావ బంతిలో మూడుసార్లు తిరుగుతాడు. పులిహోర మొహం మొత్తినవాడికి కూడా ఐస్‌క్రీమ్ కనబడగానే కొత్తగా చోటు పుడుతుంది. రుచి మారితే మెదడు మళ్లీ మొదటికొస్తుంది మరి.

పోనీ, నోరు కట్టుకున్నామే అనుకోండి. కొవ్వు కరిగేకొద్దీ అది విడుదల చేసే లెప్టిన్ తగ్గుతుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన హార్మోనది. అది తగ్గితే కరువొచ్చిందని హైపోథాలమస్ గగ్గోలు పెట్టి ఆకలి పెంచుతుంది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు, పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ చూశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అప్పటికీ పెరిగే ఉంది. ఏడాదిపాటు ఒంట్లో జరిగే ఆ పోరుకు బావ పెట్టిన పేరు 'మనసు లేకపోవడం'.

ఆకలికి ఎప్పుడో ఒకప్పుడు 'చాలు' ఉంటుంది. లేనిది ఆశకు. ఒకప్పుడు జగ్గయ్యపేట స్తూపానికి ఉన్న పలకలో చక్రవర్తి చుట్టూ మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. ఆయన మాంధాత అంటారు. బౌద్ధ కథలో ఇంద్రుడు సగం సింహాసనమిచ్చినా, మిగతా సగం మీద కన్నేసి కిందపడ్డవాడు. ఆయనకు బూరెలు తగ్గించమని ఎవరూ చెప్పినట్టు లేదు.

బావ ఇప్పటికి రెండు వెంచర్లు వేసి, మూడోదానికి బేరమాడుతున్నాడు. భూమిపూజకు భోజనాలున్నాయట. "తినకుండా వెళ్తే ఊరుకోను బావా" అని ముందే చెప్పాడు.