ఇంటిబండి దొరగారు

ఇంగ్లండులో ఏ చిన్న ఊరికి వెళ్లినా, ఏదో ఒక ఇంటి ముందు కిటికీలన్నీ కప్పేస్తూ ఒక తెల్లటి బండి నిలబడి ఉంటుంది. ముందు నుంచి చూస్తే సామాన్లు తోలే వ్యాను. వెనక తలుపు తీస్తే మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్. దాన్ని మోటార్‌హోమ్ అంటారు. దాని యజమాని పేరు అడక్కండి, ఆయన ఒక్కరు కాదు, వీధికొకరు ఉన్నారు. అరవై దాటాయి, ఉద్యోగానికి కాస్త ముందే దణ్ణం పెట్టేశారు, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, ఇంటి అప్పు తీరింది. తీరీ తీరగానే చక్రాలున్న ఇంకో ఇల్లు కొన్నారు. మా వీధిలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలవాళ్లం మా వీధి ఆయనకి పెట్టుకున్న పేరు ఇంటిబండి దొరగారు.

దొరగారు బండి కొన్నది స్వేచ్ఛ కోసం. ఈ మాట మనం అడక్కపోయినా చెబుతారు. హోటల్ బుకింగ్ అక్కర్లేదు, విమానం టైము చూసుకోనక్కర్లేదు. ఫోక్‌స్టన్‌లో బండిని రైలెక్కిస్తే 35 నిమిషాల్లో ఫ్రాన్సు. అక్కడి నుంచి ఎటు బుద్ధి పుడితే అటు. సాయంత్రానికి ఏ పల్లె చివరనో ఇలాంటి బళ్ల కోసమే వదిలిన జాగా ఉంటుంది. అక్కడ ఆగి కుర్చీ వేసుకుని సూర్యాస్తమయం చూడటమే.

కుర్చీ వేసేముందు మాత్రం గంటన్నర పని ఉంటుంది. బండి వాలుగా ఉంటే రాత్రి తలకి రక్తం దిగుతుందట. అందుకని లోపల భోజనాల బల్ల మీద రసమట్టం పెడతారు. చక్రాల కింద పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మెలు వేస్తారు. దొరసాని వెనక నిలబడి ‘ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపండి, అయ్యో దాటిపోయింది’ అంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో తట్టుకున్న మనుషులు ఆ రసమట్టం బుడగ దగ్గర మాట్లాడుకోవడం మానేస్తారు. బుడగ మధ్యకొచ్చాక కరెంటు తీగ తగిలించడం, మంచినీళ్లు నింపడం, వాడిన నీళ్లు వదలడం, చివరగా మరుగుదొడ్డి పెట్టె. ఆఫీసులో ఫైలు కూడా చేత్తో మొయ్యని మనిషి ఆ పెట్టెను సూట్‌కేసులా లాక్కుంటూ ఠీవిగా పారబోతకి వెళ్తారు. దారిలో ఇంకో పెట్టె పెద్దమనిషి ఎదురైతే ఆగి వాతావరణం గురించి ముచ్చటిస్తారు. ఇంగ్లీషు మర్యాదంటే ఏమిటో నాకు ఆ దృశ్యంలోనే అర్థమైంది.

2020 మార్చి 23 రాత్రి ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కనబడి ఇళ్లలోనే ఉండమన్నాడు. దొరగారికి వెంటనే ధర్మసందేహం వచ్చింది. ఇంటి ముందున్న ఇల్లు కూడా ఇల్లే కదా? ఆ వారమే బండిలోకి పక్క మార్చేశారు. ఇంటిగుమ్మానికి పది అడుగుల దూరంలో గుడారం చాపి, కుర్చీ వేసుకుని, మా రీసైక్లింగ్ డబ్బాల మీదుగా సూర్యాస్తమయం చూశారు. దొరసాని మటుకు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ యాత్రలో ఎక్కువ సేదదీరింది ఆవిడే.

ఆ వేసవిలో సరిహద్దులు కాస్త తెరుచుకోగానే ఇద్దరూ ఫ్రాన్సు చేరారు. అంతకుముందే జులైలో స్పెయిన్‌ని రాత్రికి రాత్రి క్వారంటైన్ అక్కర్లేని దేశాల జాబితాలోంచి తీసేస్తే, అక్కడ సెలవులో ఉన్న రవాణా మంత్రి గ్రాంట్ షాప్స్ కూడా క్వారంటైన్‌లో పడ్డారు. మంత్రిగారికే దిక్కులేనప్పుడు దొరగారి మాట ఎవరు వింటారు? ఆగస్టు 13 గురువారం రాత్రి కబురొచ్చింది. శనివారం తెల్లవారుజామున 4 గంటల తర్వాత ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్లు 14 రోజులు గడప దాటకూడదని. వేలాది బ్రిటిష్ జనం ఒక్కసారిగా కాలే వైపు పరుగు తీశారు. దొరగారూ బయల్దేరారు. కానీ డీజిల్ కలిసొస్తుందని బండిని గంటకి 55 మైళ్లు దాటనివ్వని నియమం ఒకటి ఆయనకి సొంతంగా ఉంది. ప్రభుత్వ నియమానికీ సొంత నియమానికీ మధ్య చిక్కి, 5 దాటాక ఒడ్డెక్కారు. ఆ శనివారం తారీఖు చూశారా? ఆగస్టు 15. మనకి స్వాతంత్ర్యం వచ్చిన రోజే ఆయనది పోయింది.

అక్కడి నుంచి దొరగారు స్వేచ్ఛ గురించి మాట్లాడటం తగ్గించి, నియమాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

టీకాల వార్త వచ్చాక ఆయన ముఖంలో కళ వచ్చింది. 2020 డిసెంబరు 8న కావెంట్రీలో మార్గరెట్ కీనన్ అనే తొంభై ఏళ్ల పెద్దావిడ తొలి సూది వేయించుకున్నప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టారు. జనవరిలో సాల్స్‌బరీ కెథెడ్రల్‌లో ఆర్గాన్ వాయిస్తుంటే ముసలివాళ్లు వరసలో కూర్చుని సూదులు వేయించుకోవడం చూసి, మా దేశమంటే ఇదీ అన్నారు. మార్చిలో ఆయన వంతొచ్చింది. ఆస్ట్రాజెనెకా. చేతిలో పెట్టిన చిన్న కార్డును లామినేషన్ చేయించి పాస్‌పోర్టులో దాచుకున్నారు. చాపిన చెయ్యితోనే సరిహద్దులు తెరుచుకుంటాయని ఆయన నమ్మకం.

మే 17 నుంచి క్వారంటైన్ లెక్కన దేశాలకి రంగులేశారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. రంగు ఏది మారినా తెల్లవారుజామున 4కే. ఈ దేశంలో బ్రహ్మముహూర్తాన్ని ఇంత నిష్ఠగా పాటించేది రవాణా శాఖ ఒక్కటే అని మా ఆవిడ అనేది. ఎరుపు జాబితా మాత్రం అంతకుముందే ఉంది, ఏప్రిల్ 23న ఇండియా అందులోకి వెళ్లింది. అంటే అక్కడి నుంచి తిరిగొస్తే 1,750 పౌండ్లు కట్టి పది రోజులు ప్రభుత్వం చెప్పిన హోటల్లో ఉండాలి. మా వాళ్లకి ఊళ్లో ఆక్సిజన్ దొరక్క, మేం ఇక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులవి. దొరగారు కంచె దగ్గరికొచ్చి విషయం అడిగి తెలుసుకుని, ఏమీ అనకుండా వెళ్లి, మర్నాడు ఒక కేకు గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. ఆ మనిషి గురించి నవ్వుతూ రాస్తున్నాను గనక ఇది కూడా రాయాలి.

ఆకుపచ్చ జాబితాలో పోర్చుగల్ ఉంది. ‘ఇంకేం, వెళ్లండి’ అన్నాను. దొరగారు నన్ను జాలిగా చూశారు. విమానంలో పోయేవాడికి పోర్చుగల్ ఆకుపచ్చే. బండిలో పోయేవాడికి దారిలో ఫ్రాన్సు, స్పెయిన్ తగులుతాయి, రెండూ పసుపే. పసుపులో కాలు పెట్టి ఆకుపచ్చకి వెళ్లొచ్చినవాడు పసుపే అవుతాడు. మూడు వారాలు తిరగ్గానే, జూన్ 8న, పోర్చుగల్ కూడా పసుపైపోయింది. ఆ రోజు ఆయన ముఖంలో చిన్న తృప్తి కనబడింది.

జులైలో అసలు పిడుగు పడింది. ఆయన కార్డు మీద బ్యాచ్ నంబరు 4120జెడ్ అని మొదలవుతుంది. అది పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సరుకు. మందు ఒకటే, సూత్రం ఒకటే. కానీ ఆ ఫ్యాక్టరీలో తయారైన డోసులకి యూరప్ మందుల సంస్థ అనుమతి లేదు. బ్రిటన్‌లో దాదాపు యాభై లక్షల డోసులు ఆ బ్యాచ్‌లవే. మాంచెస్టర్ నుంచి మాల్టా వెళ్లబోయిన ఒక జంటను ఈ నంబరు చూసే విమానం ఎక్కనివ్వలేదు. పేపర్లో అది చదివి దొరగారు అద్దాలు పెట్టుకుని కార్డు చూసుకున్నారు, తీసి చూసుకున్నారు, వెలుతురులోకి తీసుకెళ్లి చూసుకున్నారు. తరవాత మా తలుపు కొట్టారు.

‘మీ పుణె ఎలాంటి ఊరు?’ అని అడిగారు.

పిల్లనిచ్చేవాళ్లు కూడా మా వైపు ఇంత ఆందోళనగా ఆరా తియ్యరు. మంచి ఊరేనండీ, చదువుకున్నవాళ్ల ఊరు అని ధైర్యం చెప్పాను.

మొత్తానికి ఫ్రాన్సు కరుణించింది. జులై 18 ఆదివారం నుంచి పుణె టీకా చెల్లుతుందంది. సరిగ్గా మర్నాడు, 19 సోమవారం, పసుపు దేశాల నుంచి వచ్చేవాళ్లలో బ్రిటన్‌లో రెండు డోసులూ వేయించుకున్నవాళ్లకి ఇంగ్లండు క్వారంటైన్ ఎత్తేసి, ఒక్క ఫ్రాన్సుకి మాత్రం ఉంచింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. కారణం బీటా వేరియంట్. ఆ బీటా కేసుల్లో అధికభాగం రీయూనియన్ అనే దీవివి. పేరుకి ఫ్రాన్సులో భాగమే. ఉన్నది మాత్రం హిందూ మహాసముద్రంలో, తరతరాలుగా మన తెలుగువాళ్లు ఉంటున్న మారిషస్ పక్కన. దొరగారు అట్లాసు తెచ్చి మా వంటింటి గట్టు మీద పరిచి, కాలే దగ్గర ఒక వేలూ రీయూనియన్ దగ్గర ఒక వేలూ పెట్టారు. రెండు చేతులూ బారచాపాల్సి వచ్చింది. ‘ఇంత దూరం నా బండి పోదు’ అన్నారు. ఆగస్టు 8 దాకా ఆ మెలిక విప్పలేదు. అదే రోజు ఇండియా కూడా ఎరుపులోంచి పసుపులోకి వచ్చింది.

వెళ్దామంటే అప్పటికి ఇంకో చిక్కు సిద్ధంగా ఉంది. బ్రెక్సిట్ పూర్తయింది గనక 2021 జనవరి నుంచి బ్రిటిష్‌వాళ్లు షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండకూడదు. చలికాలమంతా స్పెయిన్ ఎండలో గడిపే అలవాటున్న మనిషికిది కోలుకోలేని దెబ్బ. హ్యామ్, చీజ్ వెంట తీసుకెళ్లకూడదు. వాళ్ల కుక్కకి పాత పాస్‌పోర్టు చెల్లదు, వెళ్లిన ప్రతిసారీ డాక్టరు కొత్తగా సర్టిఫికెట్ రాయాలి. ఆ ఇంట్లో ఊరూ పేరూ అడక్కుండా చెల్లిన టీకా మాత్రం కుక్కకి వేసిన రేబిస్ టీకా ఒక్కటే. సెప్టెంబరు 28 నుంచి బండి వెనక జీబీ అక్షరాలు చాలవు, యూకే అని ఉండాలన్నారు. దొరగారు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, గోటితో గీకి పాత స్టిక్కర్ తీస్తుంటే చూశాను. ఎండకి బండి రంగు వెలిసి, తీసినచోట జీబీ ఇంకా స్పష్టంగా కనబడింది. రెఫరెండంలో ఓటెటు వేశారని అడగాలనిపించింది. అంత తీరుబడిగా గీకుతున్న మనిషిని అడగబుద్ధి కాలేదు.

రోజులు లెక్కపెట్టడం ఆయనకి కొత్త. ఒక పుస్తకంలో గళ్లు గీసి, వెళ్లినరోజు, వచ్చినరోజు రెండూ కలుపుకోవాలట అని నాకు చెప్పారు, నాకు తెలియనట్టు! బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, హోటల్ బుకింగు, తిరిగొస్తామనే రుజువు పట్టుకుని ఎంబసీ వరసల్లో నిలబడి పెద్దవాళ్లమయ్యాం మనం. ఆయనకి ఫారం నింపడం నేర్పింది నేనే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, కాపీలు మూడు ఉంచుకోవాలి, అడిగినదానికే జవాబివ్వాలి, అడగనిది చెప్పకూడదు. శ్రద్ధగా రాసుకున్నారు.

సెప్టెంబరులో తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. రెండు డోసులూ కోవిషీల్డే. కానీ ఇండియాలో వేయించుకున్న టీకా అప్పటికి ఇంగ్లండు లెక్కలోకి రాదు. పది రోజులు ఇంట్లోనే ఉండాలి, రెండో రోజు, ఎనిమిదో రోజు పరీక్షలు. అమ్మ పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే దొరగారు కంచె అవతల దూరం పాటిస్తూ నిలబడి సర్టిఫికెట్ చూపమన్నారు. ఫోన్ ఎత్తి చూపించాను. చాలాసేపు చూసి, ‘ఈ తెల్లగడ్డం పెద్దమనిషి మీ నాన్నగారా?’ అన్నారు.

‘కాదండీ, మా ప్రధానమంత్రి.’

దొరగారు తన లామినేషన్ కార్డు తీసి రెండువైపులా తిప్పి చూసుకున్నారు. బోరిస్ జాన్సన్ ఎక్కడా లేడు. స్థిమితపడ్డారు.

‘ఏ ఊరి మందురా ఆయనది?’ అంది అమ్మ.

‘పుణెదేనమ్మా.’

‘మరి నాదో?’

‘అదీ పుణెదే.’

‘ఆ నాయన పొద్దున్నే బజారుకెళ్లి రొట్టె తెచ్చుకున్నాడు. నేనెందుకు వెళ్లకూడదో అడుగు.’

అడిగాను. దొరగారు ఒక్క నిమిషం అని బండిలోకి వెళ్లి కాగితాల కట్టతో వచ్చారు. ఒక పేజీ చదివారు, ఇంకో పేజీ తిప్పారు, మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. చివరికి అద్దాలు తీసి, ‘మీ అమ్మగారి ప్రశ్న తర్కానికి నిలుస్తుంది. నియమానికి నిలవదు’ అన్నారు.

‘ఏమంటున్నాడు?’

‘నీదే రైటంటున్నారమ్మా. కానీ బయటికి వెళ్లొద్దంటున్నారు.’

‘మీ నాన్నా ఇలాగే అనేవాడు’ అని అమ్మ చిక్కుడుకాయల్లో పడింది.

అక్టోబరు 4 నుంచి ఇండియా కూడా బ్రిటిష్‌వాళ్లకి పది రోజుల క్వారంటైన్ పెట్టింది. దొరగారి బండి ఇండియా దాకా పోదు, పోయే ఉద్దేశమూ లేదు, అయినా రెండు రోజులు మాతో ముభావంగా ఉన్నారు. అక్టోబరు 11న ఇంగ్లండు కోవిషీల్డ్ వేయించుకున్న భారతీయులకి దారి వదిలింది. అప్పటికి మా అమ్మ పది రోజులు ఎప్పుడో ముగిసి, దొరసానికి ఆవకాయ అలవాటు చేసేసింది. అందులో హ్యామ్ లేదు, చీజ్ లేదు, కాలేలో ఎవడూ పట్టుకోడని దొరగారు స్వయంగా రూలు చదివి ఒక సీసా బండిలో సర్దుకున్నారు.

ఆ డిసెంబరులో ఒమిక్రాన్ వచ్చింది. 18 నుంచి ఫ్రాన్సు బ్రిటిష్ పర్యాటకులను రావద్దంది, జనవరి 14న మళ్లీ రమ్మంది. 2022 మార్చి 18 తెల్లవారుజామున, యథాప్రకారం 4కే, ఇంగ్లండు ప్రయాణ నియమాలన్నీ ఎత్తేసింది. ఫారాలు లేవు, పరీక్షలు లేవు, రంగులు లేవు. ఆ ఉదయం దొరగారు ఏదో పోగొట్టుకున్నట్టు ఇంటి ముందు తచ్చాడారు. పాపం, మిగిలింది 90 రోజుల లెక్క ఒక్కటే. దాన్నే ఇప్పుడు ప్రాణంగా చూసుకుంటున్నారు.

ఫ్రాన్సు రోడ్ల మీద మీకు ఇలాంటి దొరగారు ఎదురు కావచ్చు. మీరూ ఇంటిబండిలో ఉంటే చెయ్యి ఊపండి, తప్పకుండా తిరిగి ఊపుతారు. కారులో ఉంటే ఊపి ప్రయోజనం లేదు, ఆ మర్యాద బండికీ బండికీ మధ్యనే. ఎక్కడైనా ఆగినచోట మాట కలిస్తే వాతావరణం గురించి మాట్లాడండి, వైను గురించి మాట్లాడండి. ఇంకా ఎన్ని రోజులు మిగిలాయండీ అని మాత్రం, మీకు చీకటి పడేలోగా ఎక్కడికైనా చేరాల్సిన పనుంటే, అడక్కండి.