లోకోషెడ్డు మామ

నంద్యాలలో రిటైరైన రైలు ఉద్యోగి సాధారణంగా పొద్దున్నే స్టేషన్‌ దాకా నడిచి, ఏ బండి ఎంత లేటో కనుక్కుని తృప్తిగా ఇంటికొస్తాడు. అందులో అరుదైన రకం ఒకటుంది. ఆ రకానికి బండి బీరువాలోనే ఉంటుంది. వీధివాళ్లు పెట్టిన పేరు లోకోషెడ్డు మామ.

మామది కీ ఇస్తే నడిచే హార్న్‌బీ రేకు రైలు. ఫ్రాంక్‌ హార్న్‌బీ కంపెనీ లివర్‌పూల్‌లో 1920లో మొదలుపెట్టిన వంశం. మద్రాసు మూర్‌ మార్కెట్‌ 1985లో కాలిపోకముందు, అక్కడి పాత సామాన్లలో వాళ్ల నాయన ఏరుకొచ్చాడట.

రైలు తుడవడం మామ వ్యసనమని అందరూ అనుకుంటారు. నిజానికి ఆయన రోజంతా చేసేది ఇంకెవరూ తుడవకుండా కాపలా కాయడం. అత్త చింతపండు తెస్తుంది, మనవడు సర్ఫు నీళ్లు కలుపుతాడు, కోడలు కొబ్బరినూనె సీసా అందిస్తుంది. పులుపుకు పూత పోతుంది, నీళ్లు రేకు మడతల్లో దాక్కుని తుప్పు పట్టిస్తాయి, కొబ్బరినూనె జిగురై పళ్లచక్రాలను పట్టేస్తుంది. అందరికీ ఒకటే జవాబు: “చెయ్యి తీ!”

తన వంతు వస్తే మాత్రం పెద్ద తంతు. ముందు స్ప్రింగు పూర్తిగా వదులయ్యేదాకా ఆగాలి, లేకపోతే వేలు నలుగుతుంది. తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. పట్టాలకూ చక్రాల అంచులకూ మాత్రం దూదిపుల్లతో ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌. రంగు మీద చుక్క పడకూడదు. కిటికీలు తెరిపిస్తాడు, పొయ్యి ఆర్పిస్తాడు. ఇంటిల్లిపాదికీ కాఫీ బంద్‌. ఆఖరున ఇరుసుకు సూదిమొనతో ఒక్క చుక్క సన్నని మెషిన్‌ ఆయిల్‌.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మేనల్లుడు ఒకసారి ఎమరీ కాగితంతో దిగాడు.

“నాలుగు రుద్దులు రుద్దితే అద్దం మాదిరి అయితాది మామా!”

“పాత రంగులో సీసం ఉంటాదిరా. ఆ పొడి పిల్లోళ్ల ముక్కుల్లోకి పోతే?”

మేనల్లుడు లొంగలేదు. మామ చక్రం మీది సన్నటి గీత చూపించాడు. ఆ కాలపు జింకు పోతల్లో సీసం కల్తీ అయితే లోహం లోపల్నుంచే పగులుతుంది, ఎంత తుడిచినా ఆగదు. రాయిని సుత్తితో తట్టి, చప్పుడు విని పగులు పట్టే మనిషికి ఇది వేరే చెప్పాలా? కాగితం జేబులో పెట్టేసుకున్నాడు.

“ఒకసారి మా ఊరికి తీసుకురా మామా. 2016లో ఎర్రగుంట్ల లైను కోవెలకుంట్ల మీదుగా పోయింది, మాకు రైలే లేదు. దీన్నే నడిపించు.”

“తెస్తా. పట్టాలు మాత్రం మీవాళ్లెవరూ తుడవగూడదు!”