ఎర్ర కేబుల్ మహాత్మ్యం

బాపట్ల నుంచి మా బావమరిది ఫోను. గొంతులో లాటరీ తగిలినవాడి ధీమా.

"బావా, కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని తెనాలి తీసుకెళ్లి కేబుల్ మార్పించా. ఇప్పుడు ఆరు జీబీ స్పీడు!"

"ఆన్ కావడానికి ఎంతసేపు పడుతోంది?"

"ఇదివరకు నేను కాఫీ తాగొచ్చేసరికి ఆనయ్యేది. ఇప్పుడూ అంతేలే. కానీ కేబుల్ చూడాలి బావా, ఎర్రగా నిగనిగలాడుతోంది."

మూడు వందలట. పాత నల్ల కేబుల్ చేసిన నేరమేమిటంటే నల్లగా ఉండటం.

ఈ "ఆరు జీబీ" మంత్రం ఇప్పుడు ప్రతి కౌంటర్ వెనకా వినిపిస్తోంది. డబ్బా మీద ఉన్నది ఆరు గిగాబిట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అణాలను రూపాయలని చెప్పి అమ్మితే పోలీసులొస్తారు, బిట్లను బైట్లని చెప్పి అమ్మితే బిల్లొస్తుంది. పైగా డిస్కును మదర్‌బోర్డుకు కలిపే ఈ సాటా తీగ మీద ప్రతి బైటూ దారి ఖర్చులు కలుపుకొని పది బిట్ల మూటగా వెళ్తుంది. అంచేత ఆరు గిగాబిట్లంటే సెకనుకు 600 మెగాబైట్లు. అదైనా దారి మోయగలిగిన బరువే గానీ, బండి లాగే బరువు కాదు.

బండి సంగతి చూద్దాం. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు, ఫైలు వరసగా ఉంటే సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్లు చదువుతుంది. 2009లో వచ్చిన ఈ ఆరు గిగాబిట్ల సాటా కాదుగదా, అంతకుముందరి మూడు గిగాబిట్లదే దానికి విశాలం. ఇక విండోస్ తెరుచుకునేటప్పుడు కావలసినవి చిన్నాచితకా ఫైళ్లు, తలా ఒక మూల. ముల్లు అక్కడికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు ముల్లు కిందికి రావాలి. పళ్లెం ఒక్క చుట్టుకే ఎనిమిది మిల్లీసెకన్ల పైన. ఇలా సెకనుకు వంద చోట్లు తిరిగిందంటే గొప్పే. అప్పుడు పనయ్యేది ఒక్క మెగాబైటు కూడా ఉండకపోవచ్చు. రేపల్లె బ్రాంచి లైనులో బంగారు పట్టాలు పరిచినా, ప్యాసింజరు జంపనిలో ఆగుతుంది, వేమూరులో ఆగుతుంది, భట్టిప్రోలులో ఆగుతుంది. ఆగడం దాని ఉద్యోగం.

సాటా ప్రమాణాలు చేసినవాళ్లే పాత కేబుళ్లు ఆరు గిగాబిట్లకూ సరిపోతాయన్నారు. కేబుల్ నలిగిపోయి తప్పులొస్తుంటే మార్చాల్సిందే, కాదనను. రంగు కోసం మార్చడం ఏ ప్రమాణంలోనూ లేదు.

తమాషా ఏమిటంటే, తీగ గురించి నిజంగా పట్టించుకోవలసిన చోట ఎవరూ పట్టించుకోరు. రేపల్లెలో మా పిన్నిగారింట్లో అమ్మాయి పెళ్లి వీడియోలు 500 జీబీ. ఈసారి నిజంగానే జీబీలు. కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్నారు, దాన్ని సీపీయూ వెనక నల్ల యూఎస్‌బీ సందులో గుచ్చారు. అది యూఎస్‌బీ 2.0. కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు 35 మెగాబైట్లు. కాపీ కావడానికి నాలుగు గంటలు. ముందువైపు నీలం సందులో పెడితే గంటా పావులో తేలేది. అడిగితే మా పిన్ని, "నీలంది పిల్లలు ఫోన్ చార్జింగుకి పెట్టుకుంటారు నాయనా" అంది.

ఆ నీలం సందు పేరైనా స్థిరంగా ఉందా? 2008లో యూఎస్‌బీ 3.0. తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. వేగం అదే, అయిదు గిగాబిట్లు. జిల్లా పేరు మారడమూ ఇంతే: 2022 ఏప్రిల్ 4న రేపల్లె గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. తెనాలి నుంచి దూరం ఒక్క మీటరైనా తగ్గిందేమో కనుక్కోండి.

మదర్‌బోర్డు మీది ఎమ్.2 సందుదీ ఇదే వరస. ఒకేలా కనిపించే ఎస్ఎస్‌డీ పుల్లల్లో ఒకటి సాటాది, సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. ఇంకొకటి ఎన్‌వీఎంఈది, 3500, ఆపైన 7000 కూడా దాటుతుంది. కరెంటు బిల్లు కట్టడానికీ, పిల్లాడి హాల్ టికెట్ ప్రింటు తీయడానికీ కంప్యూటర్ వాడే ఇంటాయనకు ఏడువేలది అంటగడతారు. హార్డ్ డిస్కు మీద నుంచి మామూలు సాటా ఎస్ఎస్‌డీకి మారితే మనిషికి తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఏడువేలకి మారితే తెలిసేది పర్సుకి.

వేగం సరే, దాచింది నిలవడం సంగతో? ఇందాక ప్యాసింజరు ఆగిన భట్టిప్రోలు గురించి ఇంకో మాట. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వితే రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద దాదాపు 2200 ఏళ్ల నాటి అక్షరాలు. చూసి చదివారు, ఏ కేబులూ అడగలేదు. మా అటక మీద 2004 నాటి ఐడీఈ డిస్కు ఉంది, మా అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోలతో. నలభై పిన్నుల ఆ పట్టీ కేబుల్ పెట్టడానికి ఇప్పటి మదర్‌బోర్డు మీద చోటే లేదు. ఆ ఫొటోల కోసం చివరికి ఒక యూఎస్‌బీ అడాప్టర్ తెప్పించాల్సి వచ్చింది. డిస్కు తిరిగింది, బతికిపోయాను. ఏ కౌంటర్ దగ్గరా "ఇందులో పెట్టింది పదేళ్ల తర్వాత ఎలా తీస్తారు, రెండో కాపీ ఉందా" అని అడిగిన పాపాన పోలేదు. దానికి రంగు లేదు కదా.

బావమరిదికి ఇదంతా చెబితే సగం విన్నాడు. వారం తర్వాత మళ్లీ ఫోను.

"ఎస్ఎస్‌డీ పెట్టించా బావా. అమ్మో, కాఫీ కలిపేలోపే ఆనయిపోతోంది!"

"మరి ఎర్ర కేబుల్?"

"కొత్త దానికీ అదే పెట్టించా. ఆ స్పీడంతా దానిదేగా!"