గట్టు మీద జట్టు

మా మేనమామ జన్మలో బాస్కెట్‌బాల్ చేత్తో పట్టుకోలేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. స్కూలు గ్రౌండులో తుప్పు పట్టిన బాస్కెట్‌బాల్ స్తంభానికి సైకిలు ఆనించి తాళం వేసుకోవడమే ఆ ఆటతో ఆయనకున్న చుట్టరికం. అలాంటివాడు ఏటా మార్చిలో ఒక సోమవారం తెల్లవారుజామున మూడున్నరకి, నరసరావుపేటలో కుక్కలు కూడా పడుకున్న వేళ, మొహం కడుక్కుని విభూది పెట్టుకుని ఫోను ముందు కూర్చుంటాడు. అప్పుడు అమెరికా తూర్పు తీరంలో ఆదివారం సాయంత్రం ఆరు. దేశం మొత్తం మీద ఏ కాలేజీ జట్లని జాతీయ టోర్నమెంటుకి పిలిచారో, ఏవాటిని గడప బయటే ఆపేశారో ఆ గంటలో చదువుతారు.

మ్యాచిలు మాత్రం చూడడు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆయన మీకు అర్థం కాడు. జాబితా చదవడం అయిపోయాక మూడు వారాల పాటు అక్కడ జనం వెర్రెత్తిపోయి చూసే ఆటలన్నీ మా మామయ్య నిద్రలో గడిచిపోతాయి. "ఈసారి కప్పు ఎవరు కొట్టారు మామయ్యా?" అంటే, "ఎవరో కొట్టార్లేరా. ముందు ఇండియానా స్టేట్‌కి జరిగిన అన్యాయం సంగతి చెప్పు" అంటాడు.

మన వీధికొకడుంటాడు ఇలాంటివాడు. ఎన్నికల ఫలితాల రోజు మధ్యాహ్నం భోంచేసి పడుకుంటాడు గానీ, టికెట్ల పంపకం రోజుల్లో అన్నం సహించదు. గురజాల ఎవరికిచ్చారు, మాచర్ల ఎవరికి ఎగ్గొట్టారు, సత్తెనపల్లిలో ఆఖరి నిమిషంలో బీఫారం ఎవరి చేతికెళ్ళింది, అదీ ఆయనకి కావలసిన ఎన్నిక. కోటప్పకొండ తిరునాళ్ళకెళితే స్వామి దర్శనం రెండు నిమిషాల్లో ముగించుకుని, ఏ ఊరి ప్రభ ఎన్నో స్థానానికి తగినదో లెక్కేస్తూ తెల్లారేదాకా మైదానంలో తిరుగుతాడు. అర్హత తేల్చడం మామయ్య జబ్బు. అమెరికావాళ్ళు ఆ జబ్బుకి ఓ టోర్నమెంటు కట్టిపెట్టారని ఆయనకి రిటైరయ్యాక తెలిసింది.

తెలిసింది కొడుకు వల్ల. మా బావ మిస్సోరీ రాష్ట్రంలో మేరీవిల్ అనే చిన్న ఊళ్ళో, నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాడు. మన పిల్లలకి కొత్తచోటేం కాదది, ప్రతి బ్యాచ్‌లోనూ పదిమంది మనవాళ్ళు కనిపిస్తారు. ఆ కాలేజీ జట్టు 2019లో ఆడిన 38 మ్యాచిలూ గెలిచి కప్పు ఎత్తుకొచ్చింది. అంతకు ముందు 2017లో, ఆ తర్వాత 2021లో, 2022లో కూడా కొట్టింది. ఇంత ఘనత విని మామయ్య, "మరి ఆ పెద్ద టోర్నమెంటులో మనోళ్ళ పేరు లేదేందిరా?" అన్నాడు. అది డివిజన్ టూ నాన్నా, వాళ్ళ కప్పు వేరు అన్నాడు కొడుకు. "38కి 38 గెలిచినోణ్ణి తీసుకోరా? ఇంకేం చెయ్యమంటారు వాణ్ణి, 39 గెలవమంటారా?" ఆ రోజు పట్టుకున్న పంచాయితీ ఇంకా వదల్లేదు.

పెద్ద టోర్నమెంటు 1939లో ఎనిమిది జట్లతో మొదలైంది, 2011కి 68 అయ్యాయి. వాటిలో 31 జట్లు తమతమ కాన్ఫరెన్స్‌ల టోర్నమెంట్లు గెలిచి నేరుగా వచ్చేస్తాయి. వాటి జోలికి మామయ్య పోడు, గెలిచినోడితో మాట్లాడేదేముంటుంది? మిగిలిన 37 జట్లని పన్నెండు మంది కమిటీ గది తలుపులేసుకుని ఎంచుతుంది. ఆ తలుపు అవతలుంది ఆయన స్వర్గం. అటా ఇటా తేలని జట్లని వాళ్ళు బబుల్ మీదున్నాయంటారు. మామయ్య దాన్ని గట్టు చేశాడు. గట్టు మీద జట్లు. నా బతుకు కూడా ఆయన లెక్కలో అక్కడే ఉంది, ఆ సంగతి తర్వాత.

ఆయన నోటుపుస్తకం నేను చూశాను. పాత కేలెండరు కాగితాలు వెనక్కి తిప్పి, దబ్బనంతో కుట్టుకున్నది. ప్రతి పేజీకి నాలుగు గళ్ళు, పైన ఎర్రసిరాతో జట్టు పేరు, చివర్లో తనకే అర్థమయ్యే గుర్తులు. 1981 నుంచి 2018 దాకా వాడిన ఆర్‌పీఐ అనే కొలత అంటే ఆయనకి మహా గౌరవం, ఎందుకంటే దాన్ని కాగితం మీద కట్టొచ్చు. జట్టు సొంత గెలుపుల శాతానికి పావు వంతు, ఎదుటి జట్ల గెలుపులకి సగం, ఆ ఎదుటి జట్లకి ఎదురైన జట్ల గెలుపులకి మళ్ళీ పావు వంతు. "చూశావా, మనిషి సొంత ప్రతాపం పావలా వంతే. ముప్పావలా ఎవరితో తలపడ్డాడన్నదే" అని నన్ను కూచోబెట్టి చెప్పాడోసారి. 2018లో దాన్ని తీసేసి నెట్ అనే కొత్త కొలత పెట్టారు. కొట్టిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్లు, ఎదుటివాడి బలం, ఆడిన చోటు అన్నీ కంప్యూటరు చూసుకుంటుందట గానీ పూర్తి సూత్రం మాత్రం బయటపెట్టరు. లెక్కల మేష్టారికి ఇది ప్రాణాంతకమైన అవమానం. "స్టెప్పులు చూపించకుండా జవాబు రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి. వీళ్ళు దాంతో దేశాన్ని నడుపుతున్నారు!"

ఆ నెట్‌లోంచే నాలుగు గళ్ళు వస్తాయి. మొదటి గడి గెలుపంటే, సొంతూళ్ళో ఆడితే మొదటి 30 ర్యాంకుల్లో ఉన్న జట్టుని ఓడించాలి. ఎవరిదీ కాని ఊళ్ళో అయితే మొదటి 50లో ఉన్నా చాలు. ఎదుటివాడి ఊరెళ్ళి కొడితే 75వ ర్యాంకు జట్టు మీద గెలుపు కూడా మొదటి గడిలోకే. ఇంట్లో ఎవరో అనామకుణ్ణి కొడితే నాలుగో గడి, దాని మొహం ఎవరూ చూడరు. ఈ లెక్క మామయ్యకి చెప్పేముందు మా బావ ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే నాకీ కష్టాలుండేవి కావు. మర్నాడే పెళ్ళి భోజనాల దగ్గర, పాతికమంది వింటుండగా, ఏనాటిదో నా డిగ్రీ ఫస్టు క్లాసు బయటికి తీశాడు.

"అల్లుడూ, నీకు పరీక్ష సెంటర్ ఎక్కడ పడింది?"

"మా కాలేజీలోనే."

"హోమ్ సెంటర్. స్లిప్పులందించే కిటికీ ఎటుందో కూడా తెలిసిన గ్రౌండు. నాలుగో గడి గెలుపది. అదే వినుకొండ పోయి రాసి అరవై తెచ్చుకున్నట్టయితే నమస్కారం పెట్టేవాణ్ణి."

గోంగూర కలుపుకుంటున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి నేనేం సాధించినా ముందు వేదిక అడుగుతాడు. నా కథలు అచ్చయిన పత్రికల పేర్లు చెబితే, "అన్నీ గుంటూరు, బెజవాడేగా. రాయలసీమలో ఏదన్నా గెలిచావా?" అంటాడు.

2024లో ఇండియానా స్టేట్ ఆయన మనసు దోచింది. 28 గెలుపులు, ఆరే ఓటములు, నెట్‌లో మొదటి ముప్పైలోపు ర్యాంకు. పైగా ఆ జట్టు సెంటర్ రాబీ అవిలా కళ్ళద్దాలు పెట్టుకుని ఆడతాడు. కళ్ళద్దాలున్న పిల్లాడంటే మామయ్యకి తరగతిలో కూడా పక్షపాతమే. కాన్ఫరెన్స్ ఫైనల్లో డ్రేక్ అనే జట్టు చేతిలో 84–80 తేడాతో ఓడిపోయింది పాపం, నేరుగా రావలసిన సీటు అట్టా పోయింది. కమిటీ తీసుకుంటుందిలే అనుకుంటే కమిటీ మొహం తిప్పుకుంది. ఆ తెల్లవారుజామున ఆయన పెట్టిన గావుకేకకి పక్కింటివాళ్ళు లైటేశారు. "నెమ్మది బావా, ఎవరన్నా పోయారనుకుని వస్తారు జనం" అని మా అత్తయ్య లోపల్నుంచి అంది. "పోయార్లే! ఇండియానా స్టేట్ పోయింది!"

మరుసటి ఏడు కథ ఇంకా రసవత్తరం. డ్రేక్‌కి ఆ ఫైనల్ గెలిపించిన కోచ్ డేరియన్ డివ్రీస్ వెస్ట్ వర్జీనియాకి మారాడు. 2025లో ఆ వెస్ట్ వర్జీనియాని కమిటీ గట్టు మీదనుంచి అవతలికి తోసేసింది. "ఇండియానా స్టేట్ ఉసురు ఊరికే పోతుందా" అని మామయ్య తృప్తిగా విభూది సర్దుకున్నాడు. కానీ ఆ చోట్లోకి తీసుకున్నది నార్త్ కరోలినాని. ఆ జట్టు మొదటి గడి మ్యాచిలు పదమూడాడి ఒక్కటి గెలిచింది. ఆ ఏడు కమిటీ ఛైర్మన్ బబ్బా కన్నింగ్‌హామ్ ఎవరనుకున్నారు? నార్త్ కరోలినా అథ్లెటిక్ డైరెక్టర్! తన జట్టు ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యుడు గది వదిలి బయటికెళ్ళాలని అక్కడ నియమం, ఆయన వెళ్ళాడు కూడా. అయినా వెస్ట్ వర్జీనియా గవర్నరు ప్రెస్‌మీట్ పెట్టి, దీని మీద విచారించమని అటార్నీ జనరల్‌కి పురమాయించాడు. ఒక రాష్ట్ర గవర్నరు కాలేజీ బంతాట సీటు కోసం రోడ్డెక్కడం చూసి మామయ్య కళ్ళు చెమర్చాయి. తనలాంటివాడు పదవిలో ఉండగా చూడటం అదే మొదటిసారి.

బయటికెళ్ళే నియమం ఆయనకెంత నచ్చిందంటే, మా ఊరి బండలాగుడు పోటీల కమిటీలో తనే ప్రతిపాదించాడు. ఒంగోలు ఎద్దుల పోటీ మీకు తెలిసిందే. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని పళ్ళ లెక్కన విభాగాలు, ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగాయో టేపు చెబుతుంది. టేపు చెప్పాక వాదన ఉండదు. అదే మామయ్య బాధ. చీటీల్లో పొద్దున్నే వంతొచ్చిన జత, మిట్టమధ్యాహ్నం ఎండలో దిగిన జత ఒకటెట్టా అవుతాయి, ఎండకి అడుగులు కలపాలని ఓ సూత్రం రాసి తెచ్చాడు. కమిటీవాళ్ళు దాంట్లో బజ్జీలు చుట్టుకున్నారు. బయటికెళ్ళే నియమం మాత్రం ఒప్పుకున్నారు. తీరా మా అత్తయ్య తమ్ముడి జత దిగే వేళకి నియమం ప్రకారం ఈయన తాడు దాటి అవతలికెళ్ళాడు. వెళ్ళి, అక్కడ ఉన్న ట్రాక్టరెక్కి, క్లాసులో వెనక బెంచీకి వినపడే గొంతుతో "టైము చూసుకోండ్రా! టైము చూసుకోండ్రా!" అని జత ఆగేదాకా అరిచాడు. నియమంలో అరవకూడదని లేదుగా అంటాడు ఇప్పటికీ.

మన కాలేజీ పిల్లల ఆట ఎప్పుడన్నా పట్టించుకున్నాడా అంటే లేదు. పల్నాడు కాలేజీల పిల్లలు నాగార్జున యూనివర్సిటీ జట్టుకి ఎంపికవుతారు, ఆ జట్టు సౌత్‌జోన్ టోర్నమెంటుకి పోతుంది, అక్కడ మొదటి నాలుగు స్థానాల్లో నిలిస్తే అఖిల భారత పోటీకి. "ఇందులో మాట్లాడుకునేదేముంది? గెలిస్తే పోతారు, ఓడితే బస్సెక్కుతారు" అని పెదవి విరుస్తాడు. నాకైతే మన పద్ధతే ముద్దుగా ఉంటుంది. కాకపోతే పోయిన మార్చిలో మూడున్నరకి నేనెందుకు మేలుకుని ఉన్నానంటే చెప్పలేను.

టీకొట్టు దగ్గర ఆయనకో ప్రత్యర్థి ఉన్నాడు, రిటైరైన బస్సు కండక్టరు, మాచర్ల మనిషి. మామయ్యది గురజాల, పల్నాటి యుద్ధంలో మాచర్లకి ఎదుటి పక్షం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో కోడిపోరు రోజు వచ్చిందంటే ఇద్దరికీ టీ చల్లారిపోవాల్సిందే. "ఏడేళ్ళ వనవాసం కోడిపందెం మీద తేలుస్తారా? సీజనంతా చూడొద్దూ?" అని కండక్టరు తరఫున కూడా మామయ్యే వాదిస్తాడు, గురజాల నాగమ్మ తరఫున జవాబూ ఆయనే చెబుతాడు. బిల్లు మాత్రం కండక్టరుది.

మామయ్య ఒక్కసారి నెగ్గాడు, ఆ సంగతి రాయకపోతే పాపం. మేరీవిల్ జట్టుని నాలుగు కప్పులకి నడిపిన కోచ్ బెన్ మెకాలమ్ 2024లో డ్రేక్‌కి వెళ్ళాడు, తన పాత శిష్యుల్ని కొందర్ని వెంటబెట్టుకుని. డివిజన్ టూ పిల్లలు పెద్దవాళ్ళ ముందు ఆగుతారా అన్నారంతా. ఆ ఏడు వాళ్ళు కాన్ఫరెన్స్ గెలిచి నేరుగా టోర్నమెంటులోకొచ్చారు. కమిటీ పదకొండో సీడు పడేసింది. మొదటి మ్యాచిలోనే ఆరో సీడు మిస్సోరీని 67–57తో కొట్టారు. ఆ ఒక్క మ్యాచీ మామయ్య చూశాడు. చూసినంతసేపూ "చెప్పానా, చెప్పానా" అంటూనే ఉన్నాడు. తర్వాతి మ్యాచిలో టెక్సాస్ టెక్ మీద ఓడిపోయారనుకోండి, అప్పటికాయన పడుకున్నాడు.

మొన్న మా చెల్లెలికి సంబంధాలు చూస్తుంటే పుస్తకం పట్టుకుని దిగాడు. హైదరాబాదు కుర్రాడిది ప్యాకేజీ పెద్దదే గానీ తండ్రి కంపెనీలోనే ఉద్యోగం కనక హోమ్ గ్రౌండు. పూణే కుర్రాడు బయట గెలిచాడు కనక మొదటి గడి. బాపట్ల అబ్బాయి గట్టు మీద. మా అత్తయ్య కాఫీలు తెచ్చి పెడుతూ ఆ పుస్తకంలోకి తొంగి చూసింది. ఆవిడ ఈయనకి స్వయానా మేనమామ కూతురు.

"మీ పేరే గడిలో రాస్తారు బావా?"

"నాకు గడేందే? మనది మేనరికం. ఆటోమేటిక్ సీటు."

"అందుకే వచ్చింది. కమిటీ కూచునుంటే ఏమయ్యేదో?"

"ఆటోమేటిక్ అంటే ఊరికే రాదు. టోర్నమెంటు గెలవాలి. మీ అన్నలు ముగ్గుర్నీ ఒప్పించాను."

"ఒప్పించింది మీ అమ్మ" అంది అత్తయ్య. "మీరు ఆ రోజు వాకిట్లో ఉన్నారు. గొంతు మాత్రం లోపలికి వినపడింది."